కీచుమనే తలుపు

నాన్న చేసిన మడతబందులు బిగించిన తలుపు చప్పుడు చెయ్యదు. తెరిచినా చెయ్యదు, మూసినా చెయ్యదు, ఏళ్లు గడిచినా చెయ్యదు. ఆ గొప్పే ఇవాళ తమ కొంప ముంచేలా ఉందని కీచురాయికి మధ్యాహ్నానికల్లా అర్థమైపోయింది.

ప్రదర్శన హాలులో ఇసుక వేస్తే రాలనంత జనం. ఇల్లు కట్టడానికి కావలసిన సమస్తం అక్కడ అమ్మకానికి ఉంది. కుడిపక్క స్టాలువాళ్లు డ్రిల్లింగ్ మిషన్లతో కాంక్రీటు దిమ్మలకు చిల్లులు పొడుస్తున్నారు. ఎడమపక్క నీళ్ల పంపులు. నెత్తిన మైకు. ఈ మోత మధ్య తెల్లటి గోడలు, మంచి దీపాలు, నిలువెత్తు టేకు తలుపు ఒక్కటీ ఉన్న స్టాలు కీచురాయి వాళ్లది. పొద్దున్నించి ఒకాయన ఆ తలుపుకు ఆనుకుని బూటు లేసు కట్టుకున్నాడు. ఇంకొకాయన దాన్ని తెరిచి లోపలికి తొంగి చూసి, "బాత్రూమ్ ఇటేనా అమ్మా?" అని అడిగాడు. అంతే. తోలుకుందామంటే ఈగలు కూడా రాలేదు.

కీచురాయి అనేది ఆమెకు చిన్నప్పుడు పడ్డ పేరు. గొంతు అలాంటిది మరి. వర్క్‌షాపులో లేతు మిషన్లన్నీ తిరుగుతుంటే నాన్నకు పక్కనున్నవాడి మాట కూడా వినపడేది కాదు. భోజనానికి పిలవాలంటే అమ్మ ఈ పిల్లనే పంపేది. గుమ్మంలో నిలబడి "నాన్నా, అన్నం!" అని ఒక్క కేక పెడితే, అంత మోతలోనూ ఆయన తల ఎత్తేవాడు. ఇప్పుడామె ఇద్దరు పిల్లల తల్లి, వర్క్‌షాపు అమ్మకాలన్నీ చూసుకునే మనిషి. అయినా ఆ పేరు పోలేదు, గొంతూ మారలేదు.

నాన్నకు మాత్రం చప్పుడంటే గిట్టదు. తయారైన ప్రతి బందునూ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. ఏమీ వినపడకపోతే ఉక్కు అచ్చు ఆనించి సుత్తితో ఒక్కటి వేసి తన ముద్ర కొడతాడు. ఆ ముద్ర ఆయన తప్ప ఇంకెవరూ కొట్టకూడదు. బందు కీచుమంటే మాత్రం చేసినవాణ్ణి పిలిచి, దాగలి దిమ్మ మీద పెట్టి, వాడి కళ్లెదుటే విరగ్గొడతాడు. తన చేత్తో చేసినదైనా అంతే. ఇంట్లో తలుపులకూ అవే బందులు. "మన ఇంట్లో దొంగ పడితే, వచ్చానమ్మా అని వాడే లేపి చెప్పాలి" అని అమ్మ వెక్కిరిస్తుంటుంది. ఆ మాటకు నాన్న ఇంతవరకూ నవ్వలేదు.

ఇక అసలు సంగతి బాబాయ్. నాన్నకు సొంత తమ్ముడు, వర్క్‌షాపులో సగం వాటా ఆయనది. చెడ్డవాడేం కాదు, ఓపిక లేనివాడు. "అన్నయ్యా, ఒక్కో బందునూ చెవిలో పెట్టుకుని వినే రోజులు పోయాయి. తయారైన సరుకు పెట్టెల్లో దిగుతోంది. తెప్పిద్దాం, మన ముద్ర కొట్టి అమ్ముదాం. ఈ లేతులు పాత ఇనుము కింద తోలేద్దాం" అని ఏడాదిగా ఒకటే పోరు. పోరగా పోరగా నాన్న మెత్తబడ్డాడు. ఆర్డర్లు నిజంగానే పలచబడ్డాయి. కీచురాయే అడ్డం పడింది. కొత్తగా కడుతున్న పెద్ద ఆసుపత్రివాళ్లు తలుపుల సామాను చూసుకోవడానికి ఈ ప్రదర్శనకు వస్తున్నారు, స్టాలు పెడదాం, వాళ్ల ఆర్డరు నేను తెస్తాను అంది.

చివరికి నాన్న, "సరే. ఆర్డరు వస్తే చేస్తాం. రాకపోతే తమ్ముడి పెట్టెలే" అన్నాడు. ఆయన మాటంటే మాటే. అంటే ప్రదర్శన ముగిసే రేపటితో తాడో పేడో తేలిపోతుంది. లేతులుంటాయా, వాటి దగ్గర నిలబడి నెరిసిపోయిన మనుషులుంటారా అన్నది ఈ తెల్లగోడల స్టాలు మీద ఉంది. ఆ స్టాలు వేసింది తను.

ఆషామాషీగా వెయ్యలేదు కూడా. వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో స్టాలు కొలతలు గీసింది. పనివాళ్లను కొనేవాళ్లలా నడిపించి, ఏ పక్కనుంచి వస్తే ముందు ఏది కంటపడుతుందో చూసుకుంది. కుర్చీలు వెయ్యలేదు, కూర్చున్నవాణ్ణి చూసి ఎవరూ లోపలికి రారని. సరుకంతా బల్లమీద గుమ్మరించలేదు, ఒక్క తలుపు చాలు, తెరిచినవాడికి తెలిసిపోతుంది అనుకుంది. ఒక సెలవు రోజు మిషన్లన్నీ ఆపి, అందరినీ నిలబెట్టి, ఆ టేకు తలుపును వేలితో తోసింది. ఊపిరి బిగబట్టి చూశారు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది, చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు. బాబాయ్ అంతటివాడు "ఆహా" అన్నాడు. నాన్న కళ్లు మెరిశాయి.

అక్కడే తప్పు జరిగింది. నిశ్శబ్దాన్ని నిశ్శబ్దంలో నిలబెట్టి పరీక్ష చేశారు. బతుకంతా బందులు చేసినవాళ్లే చేయగల తప్పు అది. చప్పుడు లేకపోవడం వాళ్లకు వినిపిస్తుంది, లోకానికి వినిపించదు. ఈ హాలులో తలుపు చప్పుడు చేసిందో లేదో దేవుడికే తెలియాలి.

"నలుగురినీ పిలవనా నాన్నా?" అని పొద్దున్నే అడిగింది.

"వద్దు. కేకలేసి అమ్ముకునే సరుకు కాదు మనది. సరుకే మాట్లాడాలి. నిండుకుండ తొణకదు."

"తొణకదు సరే. దాహమేసినవాడికి కుండ ఎక్కడుందో తెలియొద్దూ?"

నాన్న జేబులోంచి గుడ్డ తీశాడు. తలుపు అంచున లేని దుమ్మును తుడుస్తూ నిలబడ్డాడు.

మూడు దాటాక ఆసుపత్రివాళ్లు రానే వచ్చారు. ముందు కొనుగోళ్లు చూసే ఆఫీసరు, వెనక ఇద్దరు ఇంజనీర్లు, వాళ్ల పక్కన నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న మేట్రన్. వార్డులన్నీ ఆవిడ చేతికింద నడుస్తాయట, ఆవిడ ఊఁ అంటేనే ఆఫీసరు సంతకమట. కీచురాయి ముందుకొచ్చి నమస్కారం పెట్టి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే కుడిపక్క రెండు డ్రిల్లింగ్ మిషన్లూ ఒక్కసారిగా లేచాయి. మేట్రన్ మొహం చిట్లించి, చెవులు మూసుకుని, విసవిసా నడిచి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు ఆవిడ వెంట పోయారు. కీచురాయి పెట్టిన నమస్కారం అలాగే ఉండిపోయింది.

"పోనీలే అమ్మడూ, నువ్వు చెయ్యాల్సింది చేశావు" అన్నాడు బాబాయ్. ఆయన జాలిగానే అన్నాడు. ఆ జాలికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

చూస్తే నాన్న లేడు. ఆ జనంలో దూరంగా, హాలు చివర గేటు వైపు తలొంచుకుని పోతున్నాడు. బాబాయ్ "అన్నయ్యా! అన్నయ్యా!" అని రెండుసార్లు అరిచాడు. మోతలో కలిసిపోయింది. కీచురాయి ఉక్రోషమో, భయమో, ఏడుపో తెలియకుండానే "నాన్నా!" అని ఒక్క కేక పెట్టింది.

హాలు చివర నాన్న తల ఎత్తాడు. ఆయన ఒక్కడే కాదు, పొద్దున్నించి ఈ వైపు కన్నెత్తి చూడని జనం మొత్తం వెనక్కి తిరిగి ఆమె వంక చూశారు. డ్రిల్లింగ్ మిషన్ వాడు మిషన్ ఆపి మరీ చూశాడు.

ఆమెకు సిగ్గు వెయ్యలేదు. తిరిగిన ఆ తలలన్నీ చూస్తుంటే ఏం చెయ్యాలో తెలిసిపోయింది.

నాన్న రాగానే చెప్పింది. "ఈ తలుపు పక్కన ఇంకో తలుపు కావాలి నాన్నా. కీచుమనేది."

నాన్న ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకేమైనా మతి పోయిందా?"

"మోతలో మోత కలిసిపోతుంది. కీచు కలవదు. అది విని జనం తిరుగుతారు. తిరిగినవాళ్లు రెండు తలుపులూ తోస్తారు. అప్పుడు కదా మనది ఏమిటో తెలిసేది!"

బాబాయ్‌కి కూడా నచ్చింది. "నా సంచిలో నమూనా బందులున్నాయి, అవి బిగించండి" అన్నాడు, తన పెట్టెల సరుకే అన్న సంగతి మరిచిపోయి.

"కొత్తవి, ఇంకా అరవవు. వాటికి కొన్నాళ్లు పడుతుంది" అన్నాడు నాన్న. "అరిచినా సరే, పరాయివాడి సరుకును చెడ్డదని చూపించి నాది అమ్ముకోను. ఆ నీచం నా వల్ల కాదు."

"అయితే మనదే బిగిద్దాం. మన బందును చెడగొట్టు."

ఆ మాట అన్నాక ఆమెకే నాలుక కరుచుకోవాలనిపించింది. నాన్న మొహంలో నెత్తురు లేదు. దీపాలు ఆర్పి బయలుదేరాడు. రాత్రి ఇంట్లో, పిల్ల అన్నాక ఏదో ఒకటి అంటుందిలే అని అమ్మ సర్దబోయింది, ఆయన వినలేదు.

మర్నాడు పొద్దున హాలు తలుపులు తెరిచేసరికి నాన్న అందరికంటే ముందు అక్కడ ఉన్నాడు. చేతిలో పనిముట్ల సంచి. వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి, స్టాలు వెనక సామాను గదికున్న మామూలు తలుపును చట్రంతో సహా ఊడదీయించి, తన బందులే వేయించి, టేకు తలుపు పక్కనే నిలబెట్టించాడు.

"చెడ్డ బందంటూ ఒకటి ఉండాలంటే అది నాదే ఉండాలి" అన్నాడు, ఎటో చూస్తూ. "పై బందు ఒక్కటి చాలు. తలుపు బరువంతా లాగేది అదే."

పని మొదలుపెట్టాడు. పై బందు ఊడదీసి, కిరసనాయిలు గుడ్డతో నూనె బొట్టు లేకుండా తుడిచాడు. మధ్యలో ఉండే ఇత్తడి వాషరు తీసి జేబులో వేసుకున్నాడు. బిగించి తోశాడు. తలుపు మెత్తగా తెరుచుకుంది. చప్పుడు లేదు.

ఇంకోసారి తోశాడు. లేదు.

"అబ్బ, ఇదేం పనితనం అన్నయ్యా, చెడిపొమ్మన్నా చెడిపోదే!" అని బాబాయ్ తల పట్టుకున్నాడు.

జనం రావడం మొదలైంది. పక్కన డ్రిల్లింగ్ మిషన్లు లేచాయి. ఆసుపత్రివాళ్లు భోజనం వేళకు వెళ్లిపోతారని బాబాయ్ కనుక్కొచ్చాడు. వాళ్లు అవతలి వరసలో తాళాల స్టాలు దగ్గర కనిపించారు కూడా. అక్కడ ఎవరో కాగితాల మీద రాసుకుంటున్నారు. కీచురాయి అటు చూసి, నాన్న చేతుల వంక చూసింది.

నాన్న మళ్లీ బందు ఊడదీసి, మధ్యలోని పిన్ను బయటికి లాగాడు. అద్దంలా నున్నగా ఉంది. సంచిలోంచి ఆకురాయి తీశాడు. పిన్ను మీద ఆనించాడు. ఆనించి ఆగిపోయాడు. చెయ్యి కదలడం లేదు.

"నేను రుద్దనా నాన్నా?" అంది మెల్లగా.

"నీకు చేతకాదు. చెడగొట్టడానికీ ఒక లెక్కుంది."

కళ్లు మూసుకున్నాడు. రెండుసార్లు అడ్డంగా రుద్దాడు. ఆ గరగర తన పంటి మీద రుద్దినట్టనిపించి కీచురాయి మొహం తిప్పుకుంది. నాన్న పిన్నును సంచిలోని ఇనుప దిమ్మకు ఆనించి సుత్తితో చిన్నగా ఒక దెబ్బ వేసి, వెంట్రుకవాసి వంచి, బందులో దించి బిగించాడు. లేచి పక్కకు జరిగాడు.

"గబుక్కున తియ్యకు, అరవదు. నిదానంగా తియ్యి."

ఆమె నిదానంగా తీసింది.

"కీ...చ్...చ్..." మంది తలుపు.

డ్రిల్లింగ్ మిషన్ల మోతను చీల్చుకుంటూ పోయింది ఆ అరుపు. పంపుల స్టాలు ముందున్నవాళ్లు ఉలిక్కిపడి తిరిగారు. ఒకావిడ చెవిలో వేలు పెట్టుకుంది. నాన్న తలొంచుకున్నాడు. కీచురాయి మూసి మళ్లీ తీసింది. నలుగురు ఆగారు, పదిమంది అయ్యారు. "ఏందమ్మా ఈ గోల?" అని ఒకాయన వస్తే, "మీరే చూడండి బాబుగారూ" అని టేకు తలుపు చూపించింది. ఆయన తోశాడు. ఆగి, చెవి దగ్గరగా పెట్టి మళ్లీ తోశాడు. వెనకవాళ్లను పిలిచాడు. వంతులేసుకుని ఒకసారి ఇదీ, ఒకసారి అదీ తోస్తున్నారు.

కానీ ఆసుపత్రివాళ్లు రాలేదు. తాళాల స్టాలులో పని ముగించుకుని గేటు వైపు తిరిగారు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. కీచురాయి జనం మధ్యలోంచి చెయ్యి చాచి, తలుపును ఎంత నిదానంగా తియ్యగలదో అంత నిదానంగా, చివరిదాకా తీసింది.

గేటు దగ్గర మేట్రన్ ఆగిపోయింది. గిరుక్కున తిరిగి, జనాన్ని తోసుకుంటూ స్టాలులోకి వచ్చేసింది. మొహం జేవురించి ఉంది.

"ఎవరమ్మా ఆ తలుపు తీసింది? ముప్పయ్యేళ్లుగా ఈ చప్పుడుతో చస్తున్నాను నేను. రోగికి అప్పుడే కునుకు పడుతుంది, ఎవరో తలుపు తీస్తారు, వార్డు వార్డంతా లేచి కూర్చుంటుంది. ఇక్కడికొచ్చినా ఇదేనా?"

కీచురాయి టేకు తలుపు వైపు చెయ్యి చూపించింది, అంతే.

మేట్రన్ కోపంగా తోసింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ చప్పుడు కోసం చూసింది. రాలేదు. వెనక్కి లాగింది. తలుపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో అటూ ఇటూ ఆడించింది. చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపేశారు. కళ్లు తెరిచేసరికి ఆవిడ మొహంలో కోపం లేదు.

"ఎవరు చేశారిది?"

"మా నాన్న."

"మరి ఆ కీచుమనేది?"

నాన్న ముందుకొచ్చాడు. "అదీ నేనేనమ్మా" అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు.

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరవాత ఆఫీసర్ని పిలిచింది. ముందు ఒక అంతస్తు తలుపులన్నింటికీ ఈ బందులే వేయించమనీ, బాగుంటే మిగిలిన అంతస్తులూ వీళ్లకే ఇమ్మనీ చెప్పింది. ఆఫీసరు రాసుకున్నాడు. కీచురాయి బాబాయ్ వంక చూసింది. ఆయన మొహం చాటు చేసుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. పెట్టెల మనిషే, అయినా అన్నయ్య పనితనం అంటే ప్రాణం.

వెళ్లబోతూ మేట్రన్ వెనక్కి తిరిగింది. "ఆ కీచుమనేది కూడా ఒకటి కావాలి నాకు."

"ఎందుకమ్మా?" అన్నాడు నాన్న, హడలిపోయి.

"మందుల గదికి. ఆ తలుపు ఎవరు తీసినా వార్డు ఆ చివరనున్న నాకు వినపడాలి. అన్ని తలుపులూ నోరు మూసుకుంటే ఎలాగండీ?"

కీచురాయికి అమ్మ మాట, అమ్మ చెప్పే దొంగ గుర్తొచ్చి నవ్వు ముంచుకొచ్చింది. కానీ నాన్న మొహం చూసి ఆపుకుంది. కీచుమన్న బందును పొద్దు గుంకేదాకా కూడా ఉంచని మనిషి. ఏమంటాడో, వచ్చిన ఆర్డరును చేజేతులా పోగొడతాడేమోనని ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"అది ఇవ్వనమ్మా" అన్నాడు నాన్న. ఆఫీసరు రాయడం ఆపాడు. "హడావుడిలో చెడగొట్టింది. నాలుగు నెలలు అరిచి ఊరుకుంటుంది. మీకు శాశ్వతంగా కీచుమనేది చేసిస్తాను."

వర్క్‌షాపుకు వచ్చాక నాన్న మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాని మీదే కూర్చున్నాడు. చేసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. కీచుమంది. లేతుల దగ్గరున్న వాళ్లంతా అలవాటు కొద్దీ చేతిలో పని ఆపి, సుత్తి దెబ్బ కోసం చూశారు. నాన్న దాగలి దగ్గరికి నడిచాడు. బందును దాని మీద పెట్టాడు. సుత్తి అందుకున్నాడు.

"ఒసేయ్ కీచురాయీ, ఇలా రా."

ఆమె వచ్చింది. నాన్న బందు తీసి ఆమె చెవి దగ్గర ఆడించాడు. "చాలా?"

"చాలదు నాన్నా. వార్డు చివరిదాకా వినపడాలి."

ఆయన విసుక్కోకుండా వెళ్లి మళ్లీ రుద్దుకొచ్చాడు. మళ్లీ వినిపించాడు. ఈసారి గుమ్మంలో నిలబడ్డ బాబాయ్ చెవులు మూసుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయింది" అంది.

నాన్న ముద్ర కొట్టే ఉక్కు అచ్చు జేబులోంచి తీశాడు. ఇన్నేళ్లలో అది ఆయన చెయ్యి దాటగా ఎవరూ చూడలేదు. దాన్నీ సుత్తినీ కలిపి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు కొట్టు."

"నేనా?"

"చప్పుడు లేనివి ఇన్నాళ్లూ నేను విన్నాను. వినపడాల్సినవి నాకు తెలియవు, అవి నీకే తెలుసు. ఇక మీదట రెండూ నువ్వే విను."

ఆమెకు కళ్లు మసకబారి బందు సరిగా కనిపించలేదు. నాన్న ఆమె చెయ్యి పట్టుకుని అచ్చును సరైన చోట ఆనించి, తన చెయ్యి తీసేశాడు. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. ఆమె సుత్తి ఎత్తి, గట్టిగా ఒక్కటి వేసింది.